క్లాంటార్ఫ్, మిన్నెసోటా: ఐరిష్ వాళ్లు కట్టుకున్న ఓ చిన్న ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మిన్నెసోటాలో ఉండే మనవాళ్లం వీకెండ్ వస్తే ఉత్తరాన డులూత్ వైపు, లేక్ సుపీరియర్ ఒడ్డుకి వెళ్తాం. పడమటి వైపు వెళ్లేవాళ్లు తక్కువ. అటు ఏముంది, మొక్కజొన్న చేలే కదా అంటారు. నేను ఆ చేల మధ్యలో ఉన్న క్లాంటార్ఫ్ అనే ఊరికి చాలాసార్లు వెళ్లొచ్చాను. వెళ్లొచ్చిన ప్రతిసారీ స్నేహితులు, ఇంటి నుంచి ఫోన్ చేసేవాళ్లు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే నాకు తెలిసినదంతా ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఈ ఊరు ఎక్కడుంది? ఎంత పెద్దది?

మిన్నెసోటా రాష్ట్రం పడమటి భాగంలో, స్విఫ్ట్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీ కేంద్రం బెన్సన్. బెన్సన్ నుంచి మోరిస్ వెళ్లే తొమ్మిదో నంబరు రాష్ట్ర రహదారి మీద, బెన్సన్ దాటిన కాసేపటికే తగులుతుంది. 2010 జనగణనలో ఊరి జనాభా 164. మినియాపొలిస్‌లో మేముండే అపార్ట్‌మెంట్లలో ఒక్క బ్లాకులోనే అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

పేరు ఎలా పలకాలి? దానికి అర్థం ఏమిటి?

క్లాంటార్ఫ్. ఐరిష్ భాషలో 'క్లూన్ టారవ్' అనే మాట నుంచి వచ్చింది. ఆబోతులు మేసే పచ్చిక బీడు అని అర్థం. అసలు క్లాంటార్ఫ్ ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో సముద్రం పక్కన ఉంది, ఇప్పుడది నగరంలో ఒక పేట. 1014లో గుడ్ ఫ్రైడే రోజున అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. బ్రయన్ బోరు అనే ఐరిష్ రాజు సేనలు, డబ్లిన్‌లో పాతుకుపోయిన వైకింగులనీ వాళ్లతో చేతులు కలిపిన లెన్‌స్టర్ (తూర్పు ఐర్లండ్ ప్రాంతం) వాళ్లనీ ఓడించాయి. గెలిచిన రోజే రాజు చనిపోయాడు. ఐరిష్ వాళ్లకి ఆ పేరు వింటే ఒళ్లు పులకరిస్తుంది. శతాబ్దాలుగా సొంత భూమి లేకుండా కౌలుదార్లుగా బతికిన జనం, మొదటిసారి తమదైన నేల దొరికినప్పుడు ఆ ఊరికి పెట్టుకున్న పేరు ఇది. ఇంకే పేరు పెట్టినా ఇంత సరిపోయేది కాదని నాకనిపిస్తుంది.

ఐరిష్ వాళ్లు ఇంత లోపలికి ఎందుకొచ్చారు? న్యూయార్క్, బోస్టన్‌లలో కదా ఉండేది?

నిజమే, ఎక్కువమంది అక్కడే ఆగిపోయారు. 1845లో ఐర్లండ్‌లో ఆలుగడ్డకి తెగులు పట్టింది. పేదవాళ్ల తిండంతా అదే. ఏడేళ్ల కరువులో పది లక్షల మంది దాకా చనిపోయారు, అంతకంటే ఎక్కువ మంది దేశం వదిలిపోయారు. ఓడ టికెట్‌కే ఉన్నదంతా ఊడ్చి పెట్టినవాళ్లు రేవులో దిగాక ఇంకో వెయ్యి మైళ్లు ప్రయాణం చేసి, భూమి, ఎడ్లు, నాగలి ఎక్కడ కొనగలరు? దిగిన చోటే కూలి పనుల్లో పడ్డారు. బోస్టన్, న్యూయార్క్ మురికివాడల్లో, పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో ఒక తరం గడిచిపోయింది.

క్లాంటార్ఫ్‌కి వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా ఐర్లండ్ నుంచి దిగినవాళ్లు కారు. తూర్పు రాష్ట్రాల్లో కొన్నేళ్లు చెమటోడ్చి, నాలుగు డాలర్లు వెనకేసుకుని, మళ్లీ మూటలు సర్దుకున్నవాళ్లు. ఈ విషయం గుర్తుంచుకోండి, కింద గ్రేస్‌విల్ గురించి చెప్పేటప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

ఊరు ఎవరు పెట్టారు?

జాన్ ఐర్లండ్ అనే కాథలిక్ బిషప్. ఆయన ఇంటిపేరే ఐర్లండ్. 1838లో కిల్కెన్నీ కౌంటీలో పుట్టాడు. కరువు రోజుల్లో కుటుంబంతో పాటు అమెరికా వచ్చి, 1852లో మిన్నెసోటా రాజధాని సెయింట్ పాల్ చేరాడు. అమెరికా అంతర్యుద్ధంలో మిన్నెసోటా ఐదో రెజిమెంట్‌తో మతగురువుగా వెళ్లాడు. 1875లో బిషప్, 1888లో ఆర్చిబిషప్ అయ్యాడు. సెయింట్ పాల్‌లో కొండ మీద కనిపించే పెద్ద కెథెడ్రల్ కట్టించింది కూడా ఆయనే.

తన జనం నగరాల్లో నలిగిపోతున్నారని ఆయనకి బాధ. భూమి ఉంటే మనిషి నిలబడతాడని నమ్మాడు. 1876లో కాథలిక్ కాలనైజేషన్ బ్యూరో అనే సంస్థ పెట్టి, రైల్వే కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. స్విఫ్ట్ కౌంటీలో మొదట డిగ్రాఫ్, తర్వాత క్లాంటార్ఫ్ వచ్చాయి. 1881 వరకు సాగిన ఈ పనిలో పడమటి మిన్నెసోటాలో 4,000కి పైగా కుటుంబాలు, 4,00,000 ఎకరాలకి పైగా భూమి మీద స్థిరపడ్డాయి. అమెరికాలో కాథలిక్ చర్చి చేసిన ఇలాంటి ప్రయత్నాల్లో ఇంతగా ఫలించినది ఇంకొకటి లేదు.

బిషప్‌కీ రైల్వేకీ సంబంధం ఏమిటి?

ఇది తెలిస్తే మిడ్‌వెస్ట్‌లో సగం ఊళ్ల పుట్టుక తెలిసినట్టే.

రైలు మార్గాలు వేయడానికి ప్రభుత్వం కంపెనీలకి డబ్బు బదులు భూమి ఇచ్చేది. ఆ భూముల్ని ఒక మైలు పొడవు, ఒక మైలు వెడల్పు గళ్లుగా కొలిచారు. ఒక్కో గడి ఒక సెక్షన్, అంటే 640 ఎకరాలు. పట్టాలకి రెండు పక్కలా చదరంగం బల్లలాగా ఒక గడి రైల్వేది, పక్క గడి ప్రభుత్వానిది. ప్రభుత్వ గడిలో భూమిని హోమ్‌స్టెడ్ చట్టం కింద, అంటే అక్కడే ఉండి సాగు చేస్తామన్న షరతు మీద తీసుకోవచ్చు, రైల్వే గడిలో అయితే కొనుక్కోవాలి.

సెయింట్ పాల్ అండ్ పసిఫిక్ రైల్వే పట్టాలు 1870 నాటికే బెన్సన్ చేరాయి. కానీ చుట్టూ మనుషులు లేరు. మనుషులు లేకపోతే పంట లేదు, పంట లేకపోతే రవాణా చార్జీలు రావు. బిషప్ దగ్గర మనుషులు ఉన్నారు, భూమి లేదు. అలా కుదిరింది. స్విఫ్ట్ కౌంటీలో రైల్వే భూములు అమ్మే ఏకైక ఏజెంటుగా బిషప్‌ని కంపెనీ పెట్టుకుంది. భూమి ఎవరికి వెళ్లాలో ఆయన చేతిలో ఉండటంతో ఒకే చోట, ఒకే చర్చి చుట్టూ, ఒకే నేపథ్యం ఉన్నవాళ్లని కూర్చగలిగాడు. తర్వాత ఈ రైల్వేనే జేమ్స్ జె. హిల్ అనే వ్యాపారి చేతికి వెళ్లి గ్రేట్ నార్తర్న్ రైల్వే అయింది.

ఊళ్లన్నీ ఒకే దూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఎందుకు?

డిగ్రాఫ్, బెన్సన్, క్లాంటార్ఫ్, హాంకాక్, మోరిస్. మ్యాప్ తీసి చూస్తే దారానికి పూసలు గుచ్చినట్టుంటాయి. ఆవిరి ఇంజనుకి నీళ్లు కావాలి, అది ఒక కారణం. అసలు కారణం గుర్రపు బండి. రైతు పొద్దున్నే గోధుమ బస్తాలు వేసుకుని బయల్దేరి, స్టేషన్లో దించి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. ఆ లెక్క ప్రకారం స్టేషన్లు పెట్టారు, స్టేషన్ పెట్టిన చోట ఊరు పుట్టింది.

ఊళ్లో అందరూ ఐరిష్ వాళ్లేనా?

కారు. ఫ్రెంచ్ కెనడియన్ కుటుంబాలు కూడా వచ్చాయి. తొలి రోజుల్లో ఊరి ఫాదర్ అనటోల్ ఓస్టర్ కూడా ఫ్రాన్స్ నుంచి వచ్చినవాడే. చర్చికి మాత్రం ఐర్లండ్‌కి చెందిన సెయింట్ మలాకీ పేరు పెట్టారు. ఆయన 12వ శతాబ్దంలో ఆర్మా ఆర్చిబిషప్. చుట్టుపక్కల ఊళ్లలో నార్వే, స్వీడన్, జర్మనీ వాళ్లు ఎక్కువ.

మొదటి ఏళ్లలో బతుకు ఎలా ఉండేది?

చెట్టు లేని నేల అది. మనిషి నడుము దాటే గడ్డి, దాని కింద వేళ్లు జడల్లా అల్లుకుపోయిన నల్లమట్టి. మామూలు నాగలికి లొంగదు. ప్రత్యేకమైన నాగలితో, బలమైన ఎడ్లతో ఎండాకాలం మొదట్లో పైపొరని పలచగా కోసి తిరగేయాలి. అది కుళ్లడానికి నెలలు పడుతుంది. అసలు పంట మరుసటి ఏడాదే. అంటే వచ్చిన కుటుంబం మొదటి ఏడాదంతా చేతి డబ్బుతోనే బతకాలి. కొంత సొమ్ము ఉన్నవాళ్లే రండని బ్యూరో ముందే చెప్పింది అందుకే.

పైగా మిడతలు. 1873 నుంచి 1877 వరకు రాకీ పర్వతాల మిడతల దండు మిన్నెసోటా మీద పడింది. మబ్బు పట్టినట్టు వచ్చి వాలితే సాయంత్రానికి చేను మోడు. 1877 ఏప్రిల్ 26న గవర్నర్ జాన్ పిల్స్‌బరీ రాష్ట్రమంతా ప్రార్థన చేయమని ప్రకటించాడంటే ఆ టెన్షన్ ఎలాంటిదో ఊహించండి. ఆ ఏడాది ఆగస్టుకల్లా మిడతలు లేచిపోయాయి, మళ్లీ అలా రాలేదు. క్లాంటార్ఫ్ వాళ్లు సరిగ్గా ఆ చివరి రోజుల్లో వచ్చి పడ్డారు.

చలికాలంలో వంటచెరకు ఉండదు. ఎండు గడ్డిని పిడికిట్లో పట్టుకుని, తాడు పేనినట్టు మెలితిప్పి, మడిచి ముడేస్తే చిన్న కట్టె అంత అవుతుంది. పొయ్యిలో పెడితే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఇంట్లో ఒకరు రోజంతా కూర్చుని గడ్డి పేనుతూనే ఉండాలి. ఒకసారి నేను గుప్పెడు ఎండుగడ్డి తీసుకుని చేసి చూశాను. నాలుగోది పేనేసరికి అరచేయి కోసుకుపోయింది.

ఊళ్లో సారా దుకాణాలు ఉండేవి కావంటారు, నిజమేనా?

బిషప్ మద్యానికి గట్టి వ్యతిరేకి. తాగుడు మానిపించే సంఘాలు నడిపినవాడు. తన కాలనీల్లోకి సారా దుకాణాలు రాకూడదని పట్టుబట్టాడు. నగరాల్లో తన జనాన్ని దరిద్రంతో పాటు ముంచింది తాగుడేనని ఆయన నమ్మకం.

గ్రేస్‌విల్‌లో ఏం జరిగింది? కొనెమారా వాళ్లంటే ఎవరు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. నాకు చెప్పాలనిపించేది కూడా ఇదే.

గ్రేస్‌విల్ క్లాంటార్ఫ్‌కి వాయవ్యంగా, బిగ్ స్టోన్ కౌంటీలో ఉంది. అదీ బిషప్ ఐర్లండ్ పెట్టిన కాలనీయే, 1878లో. 1879-80లో పశ్చిమ ఐర్లండ్‌లో మళ్లీ కరువు వచ్చింది. లివర్‌పూల్‌లో పేదల కోసం పనిచేసే ఫాదర్ జేమ్స్ నూజెంట్, కొనెమారా ప్రాంతంలో ఆకలితో ఉన్న కుటుంబాలని తీసుకోమని బిషప్‌ని కోరాడు. బిషప్ ఒప్పుకున్నాడు. 1880 జూన్‌లో గాల్వే నుంచి 'ఆస్ట్రియన్' అనే ఓడలో సుమారు 300 మంది బయల్దేరారు. పెళ్లికాని పిల్లల్లో కొందరికి సెయింట్ పాల్‌లో పనులు చూపించారు. 24 కుటుంబాలు గ్రేస్‌విల్ చేరాయి. ఒక్కో కుటుంబానికి 160 ఎకరాలు, అందులో 5 ఎకరాలు ముందే దున్నించి పెట్టారు. ఇల్లు, సామాను, విత్తనాలు సమకూర్చారు.

ఆ ఏడాది అక్టోబరు మధ్యలోనే మంచు తుఫాను విరుచుకుపడింది. అప్పటికి చలికాలం రాకూడదు. కానీ అదే మొదలు, 1881 ఏప్రిల్ దాకా వదల్లేదు. రైళ్లు ఆగిపోయాయి. కొనెమారా వాళ్ల ఇళ్లలో ఆలుగడ్డలు గడ్డకట్టిపోయాయి. తిండి లేదు, కాల్చడానికి ఏమీ లేదు. మోరిస్ నుంచి వచ్చినవాళ్లు వాళ్ల పరిస్థితి చూసి పత్రికల్లో రాయడంతో గొడవ పెద్దదైంది. అప్పుడు చాలామంది నోట వచ్చిన మాట ఒక్కటే: వీళ్లు సోమరులు, పని చేయరు, ఇచ్చినవి నిలబెట్టుకోలేదు. బ్యూరో వైపువాళ్లు అన్నారు, పక్క ఊళ్లవాళ్లూ అన్నారు, గ్రేస్‌విల్‌లో ముందే స్థిరపడ్డ ఐరిష్ రైతులు కూడా అన్నారు.

ఆ మాట నాకు సరిగా తోచదు. కొనెమారా అంటే అట్లాంటిక్ ఒడ్డున రాళ్ల నేల. అక్కడి మనిషికి ఉన్నది అర ఎకరమో ఎకరమో రాతి గోడల మధ్య చిన్న నేల ముక్క. దాన్ని పారతో తిరగేసి, సముద్రపు నాచు ఎరువుగా వేసి, ఆలుగడ్డ పండించుకుంటాడు. మిగతా రోజులు చేపలు పడతాడు. నాగలి పట్టినవాడు కాదు. సముద్రం పక్కన నేల గట్టిగా గడ్డకట్టడం చాలా అరుదు, కాబట్టి ఆలుగడ్డలు పాతర వేయడం ఎంత లోతుగా, ఎంత మట్టి కప్పి చేయాలో అతనికి తెలిసే అవకాశమే లేదు. చాలామందికి వచ్చింది ఐరిష్ భాషే. పక్క రైతు ఇంగ్లిష్‌లో చలికాలం గురించి హెచ్చరించినా ఎంత అర్థమై ఉంటుంది? వాళ్లు వచ్చింది జూన్ చివర. దున్నిన ఐదెకరాలు తప్ప మిగతా నేలలో ఆ ఏడాది పంట తీయడం ఎవరివల్లా అయ్యేది కాదు.

క్లాంటార్ఫ్ వాళ్లకి చేతిలో సొమ్ము ఉంది, అమెరికాలో కొన్నేళ్ల అనుభవం ఉంది, ఇంగ్లిష్ ఉంది. కొనెమారా వాళ్లకి ఆ మూడూ లేవు. రెండూ ఒకే బిషప్ కాలనీలు, ఒకే రకం మట్టి. తేడా అక్కడుంది. ఆకలితో ఉన్నవాళ్లని కాపాడాలనుకున్న బిషప్ మనసు మంచిదే. కానీ రైతుల కోసం చేసిన ఏర్పాటులో రైతులు కానివాళ్లని పెట్టి, అది కుదరకపోతే నింద వాళ్ల మీద వేయడం అన్యాయం.

1881లో వాళ్లలో ఎక్కువమందిని సెయింట్ పాల్‌కి తీసుకొచ్చేశారు. ఫేలెన్ క్రీక్ ఒడ్డున గుడిసెలు వేసుకున్నారు. ఆ వాడకి కొనెమారా ప్యాచ్ అని పేరు పడింది. మగవాళ్లు రైల్వేల్లో, ఇతర కూలి పనుల్లో చేరి కష్టపడి బతికారు. సోమరులని పేరు పడ్డది వీళ్లకే.

వీళ్లు రాకముందు ఆ నేల ఎవరిది?

డకోటా జాతి వాళ్లది. 1851లో ట్రావర్స్ డె సూ ఒప్పందం ద్వారా ఈ ప్రాంతాన్ని ప్రభుత్వం తీసుకుంది. ఇస్తామన్న సొమ్ము సమయానికి ఇవ్వలేదు, ఇచ్చిన దాంట్లో వ్యాపారులు అప్పుల పేరు చెప్పి లాక్కున్నారు. ఆకలి తట్టుకోలేని స్థితిలో 1862లో యుద్ధం వచ్చింది. ఆ డిసెంబరు 26న మన్‌కేటోలో 38 మంది డకోటా మగవాళ్లని ఒకేసారి ఉరి తీశారు. మరుసటి ఏడాది డకోటా జనాన్ని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టారు. 1862కీ, బిషప్ ఒప్పందం కుదిరిన 1876కీ మధ్య 14 ఏళ్లే. ఒక నేల పోగొట్టుకుని వచ్చినవాళ్లకి దొరికింది ఇంకొకరు పోగొట్టుకున్న నేల. ఇది చెప్పకుండా ఈ ఊరి కథ చెప్పడం నాకు ఇష్టం లేదు. డకోటా వాళ్లలో కొందరు తర్వాత తిరిగొచ్చారు. గ్రానైట్ ఫాల్స్ దగ్గర అప్పర్ సూ కమ్యూనిటీ ఇప్పటికీ ఉంది.

క్లాంటార్ఫ్‌లో ఆదివాసీ పిల్లల స్కూల్ ఉండేదట?

ఉండేది. చర్చి నడిపిన ఇండస్ట్రియల్ స్కూల్‌లో 1880ల నుంచి ప్రభుత్వ డబ్బుతో ఆదివాసీ మగపిల్లల్ని చేర్చుకున్నారు. ఇళ్ల నుంచి దూరంగా తెచ్చి, వ్యవసాయం, చేతిపనులు, ఇంగ్లిష్ నేర్పడం ఆనాటి పద్ధతి. సొంత భాష, సొంత పద్ధతులు మాన్పించడం అందులో భాగమే. 1890ల చివర్లో దాన్ని మోరిస్‌లో ఉన్న ఇలాంటి స్కూల్‌లో కలిపేశారు. 1909లో మోరిస్ స్కూల్ మూసేసి ఆ స్థలాన్ని రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు, అక్కడ చదివే ఆదివాసీ విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టారు. ఇప్పుడు అక్కడ మిన్నెసోటా యూనివర్సిటీ మోరిస్ క్యాంపస్ ఉంది. ఆ షరతు ఇప్పటికీ అమల్లో ఉంది.

ఊరు ఎందుకు పెరగలేదు?

పొలాలు పెరిగాయి, మనుషులు తగ్గారు. అప్పట్లో 160 ఎకరాలకి ఒక కుటుంబం, ఇంటినిండా పిల్లలు. ట్రాక్టర్లు, కంబైన్లు వచ్చాక ఒకే కుటుంబం అలాంటి ఎన్నో పొలాలు చేయగలుగుతోంది. గోధుమ పోయి మొక్కజొన్న, సోయాబీన్ వచ్చాయి. కార్లు వచ్చాక సరుకులకి, డాక్టరుకి, బడికి అందరూ బెన్సన్, మోరిస్ వెళ్లడం మొదలైంది. గుర్రపు బండి లెక్కతో పుట్టిన ఊరికి కారు వచ్చాక పని తగ్గిపోయింది.

ఇలాంటి ఐరిష్ ఊళ్లు మిడ్‌వెస్ట్‌లో ఇంకా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. మిన్నెసోటాలోనే అవోకా, కిల్కెన్నీ ఉన్నాయి. నెబ్రాస్కాలో ఓనీల్ కాస్త పెద్దది. ఐర్లండ్ స్వాతంత్ర్యం కోసమని 1866లో కెనడా మీద దాడికి నాయకత్వం వహించిన జనరల్ జాన్ ఓనీల్ 1874లో దాన్ని మొదలుపెట్టాడు. అక్కడ నడిరోడ్డు కూడలిలో ఐర్లండ్‌కి గుర్తైన షామ్‌రాక్ అనే మూడాకుల మొక్క బొమ్మ పెద్దగా వేసి ఉంటుంది. దాని పక్కనున్న ఎమెట్, అయోవాలోని ఎమెట్స్‌బర్గ్, రెండింటికీ 1803లో ఉరి తీసిన ఐరిష్ విప్లవకారుడు రాబర్ట్ ఎమెట్ పేరే. అయోవాలో మెల్‌రోజ్ కూడా ఉంది, అది క్లాంటార్ఫ్ లాగే బుల్లి ఊరు.

వెళ్లాలంటే ఎలా? చూడటానికి ఏముంది?

మినియాపొలిస్ నుంచి కారులో సుమారు రెండున్నర గంటలు. విల్‌మార్ మీదుగా పన్నెండో నంబరు హైవే పట్టుకుంటే దారిలో డిగ్రాఫ్ కూడా తగులుతుంది. దారి పొడవునా రైలు పట్టా పక్కనే వస్తుంది.

క్లాంటార్ఫ్‌లో టికెట్ పెట్టి చూసేవేమీ ఉండవు. వీధులు పది నిమిషాల్లో నడిచేయొచ్చు. బెన్సన్‌లో స్విఫ్ట్ కౌంటీ మ్యూజియం ఉంది, ముందు అక్కడ ఆగండి. ఏ రోజుల్లో తెరుస్తారో కనుక్కుని వెళ్లండి. క్లాంటార్ఫ్‌లో ఐరిష్ సమాధుల దగ్గర కాసేపు నిలబడితే ఒకటి గమనిస్తారు. ఆ కాలం వాళ్లు రాయి మీద పేరు, తేదీలతో పాటు ఐర్లండ్‌లో ఏ కౌంటీ నుంచి వచ్చారో కూడా చెక్కించుకునేవాళ్లు. సమాధుల దగ్గర పిల్లల్ని పరుగెత్తనివ్వకండి. ఊళ్లో ఎవరైనా కనిపిస్తే పలకరించండి, మీ ఊరి కథ తెలుసుకుందామని వచ్చామంటే సంతోషిస్తారు.

తిరిగొచ్చాక ఓపికుంటే సెయింట్ పాల్‌లో స్వీడ్ హాలో పార్క్‌కి వెళ్లండి. కొనెమారా ప్యాచ్ ఆ దగ్గర్లోనే, ఫేలెన్ క్రీక్ పల్లంలో ఉండేది. ఆ ఇళ్లు ఇప్పుడు లేవు. చెట్లు, కాలిబాట, ఆ పక్కన రైళ్ల చప్పుడు.

ఏ కాలంలో వెళ్తే బాగుంటుంది?

జూన్ చివర వెళ్లండి. కొనెమారా కుటుంబాలు దిగింది ఆ రోజుల్లోనే. మొక్కజొన్న మోకాలి ఎత్తుకి వచ్చి ఉంటుంది, రాత్రి తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది. ఆ నేలని చూసి వాళ్లెంత ఆశపడి ఉంటారో అప్పుడు తెలుస్తుంది. జనవరిలో మాత్రం వాతావరణం చూసుకోకుండా బయల్దేరకండి. వెళ్తే దుప్పట్లు, తినడానికి ఏదైనా, ఫోన్ చార్జర్ కారులో ఉంచుకోండి. గాలి లేస్తే రోడ్డుకీ చేనుకీ తేడా తెలియదు.